ఊరివారు కట్టుకొన్న రైల్వే స్టేషను

రైల్వే స్టేషనుల చరిత్ర యనగానే సాధారణముగా మన మనస్సునకు తోచునవి మహానగరములలోని విశాల భవనములు. వానిని ఏ ఇంజనీరు నిర్మించెనో, ఏ ప్రభువు ప్రారంభించెనో, ఎంత ధనము వ్యయమయ్యెనో గోడలలోని శిలాఫలకములే చెప్పుచుండును. నేడు మేము చెప్పబూనిన స్టేషనుకు అట్టి వైభవ మేదియు లేదు. ఒక కొండలోయలో, నది ప్రక్కన, పట్టాల చెంత ఒక చిన్న గది. దాని ముందు కొద్దిపాటి ప్లాటుఫారము. ఒక పేరు పలక. అంతియే. అచట స్టేషను మాస్టరు లేడు. మన దేశములో హాల్టు అని వ్యవహరించు చిన్న మజిలీ వంటిదే యది.

అయినను దక్షిణ కొరియా రైల్వేల చరిత్రలో దానికొక విశిష్టత కలదు. దానిని ప్రభుత్వము కట్టలేదు. రైల్వే శాఖ కట్టలేదు. ఆ ఊరి రైతులు తమ చేతులతో తామే కట్టుకొనిరి. ఆ దేశములో ప్రజలు స్వయముగా నిర్మించుకొన్న మొదటి స్టేషనుగా దానిని చెప్పుకొందురు. దాని పేరు యాంగ్‌వొన్. ఉత్తర గ్యొంగ్‌సాంగ్ రాష్ట్రములోని బొంగ్‌హ్వా జిల్లాలో నున్నది. ఒక రైలు మార్గము ఎవరి కొఱకు వేయబడునో, కాలక్రమమున అది ఎవరి కొఱకు నిలుచునో తెలిసికొనుటకు ఈ చిన్న గది కథ చాలును.

మొదట ఆ ప్రదేశమును గూర్చి కొంత తెలిసికొందము. కొరియా ద్వీపకల్పమునకు తూర్పు తీరము వెంబడి తేబెక్ పర్వతశ్రేణి వెన్నెముకవలె సాగియున్నది. ఆ పర్వతముల నడుమ, తేబెక్ అను పట్టణములో, హ్వాంగ్‌జీ యను కొలను కలదు. నాక్‌దొంగ్ నదికి అదియే జన్మస్థానమని ప్రసిద్ధి. దక్షిణ కొరియా నదులలో నెల్ల పొడవైన ఈ నది సుమారు 510 కిలోమీటర్లు ప్రవహించి పూసాన్ రేవు చెంత సముద్రమున కలియును. దిగువ ప్రాంతములో నది విశాలమై, పొలములకు నీరిచ్చుచు మందగమనమున సాగును. పుట్టిన చోట మాత్రము అది కొండలను కోసికొనుచు, మెలికలు తిరుగుచు, ఇరుకు లోయలో పరుగులెత్తును.

ఆ ఇరుకు లోయలో నదికి ఇరువైపుల రెండు పల్లెలు కలవు. ఒక ఒడ్డున నున్నది బొంగ్‌హ్వా జిల్లాకు చెందినది. ఎదుటి ఒడ్డున నున్నది ఉల్‌జిన్ జిల్లాకు చెందినది. వింత యేమనగా రెండింటి పేరును వొన్‌గొక్ అనియే. ఉల్‌జిన్ జిల్లా 1962వ సంవత్సరాంతము వరకు గాంగ్‌వొన్ అను వేరొక రాష్ట్రములో నుండెను. 1963లో ఉత్తర గ్యొంగ్‌సాంగ్‌లో చేర్చబడెను. అనగా ఆ యేటి నీరు ఒకప్పుడు రెండు రాష్ట్రములకు ఎల్లగా నుండెను. కచ్చేరీలు వేరు, లెక్కలు వేరు. కాని కొండవాలున సేద్యము చేసికొను ఆ జనులకు నది యొక హద్దుగా తోచలేదు. వారి కష్టసుఖము లొక్కటే.

ఇక రైలు మార్గము సంగతి. కొరియాలో మొట్టమొదటి రైలు 1899వ సంవత్సరము సెప్టెంబరులో ఇంచియన్ రేవు ప్రాంతమునకును సియోల్ నగరమునకు ఎదుట హాన్ నది దక్షిణపు టొడ్డున నున్న నొర్యాంగ్‌జిన్‌కును నడుమ నడచెను. 1910 నుండి 1945 వరకు జపానువారి పాలనలో పట్టాలు దేశమంతటను వ్యాపించినవి. తేబెక్ కొండలలో బొగ్గు నిక్షేపములున్నవని తెలియగానే, 1940లో చొరామ్ అను గనుల ఊరినుండి తూర్పు తీరమునందలి ముఖో రేవువరకు ఒక మార్గము నడపబడెను. గని నుండి రేవునకు, రేవు నుండి ఓడకు. అదియే ఆనాటి బొగ్గు నడచిన దారి.

1945లో జపానుపాలన అంతరించెను. దేశము మాత్రము రెండు ముక్కలయ్యెను. పెద్ద జలవిద్యుత్ కేంద్రములు ఉత్తరభాగమున నుండిపోయినవి. 1948 మే నెలలో ఉత్తరమువారు దక్షిణమునకు విద్యుత్తు పంపుట నిలిపివేసిరి. దక్షిణ భాగమునకు బొగ్గు ప్రాణావసరమయ్యెను. చొరామ్ బొగ్గు సముద్రము చుట్టి రానక్కరలేకుండ, నేరుగా సియోల్ నగరమునకు భూమార్గమున రావలెనని ప్రభుత్వము సంకల్పించెను. అందులకై 1949లో యొంగ్‌జు పట్టణము నుండి చొరామ్ వరకు క్రొత్త మార్గము ప్రారంభించిరి. రెండు ఊళ్ల పేర్లలోని ముక్కలను జోడించి దానికి యొంగ్‌అమ్ మార్గమని పేరు పెట్టిరి.

పని మొదలైన మరుసటి యేడే, 1950 జూనులో, యుద్ధము వచ్చిపడెను. నిర్మాణము నిలిచిపోయెను. యుద్ధానంతరము మరల చేపట్టి, 1955 డిసెంబరు ఆఖరునకు పూర్తిచేసిరి. మార్గము పొడవు 86.4 కిలోమీటర్లు. సంఖ్య చూచిన స్వల్పముగానే కనబడును. కాని నాక్‌దొంగ్ లోయలో అడుగడుగునకు కొండ యడ్డము, మలుపు మలుపునకు నది యడ్డము. కొండ వచ్చినచోట సొరంగము త్రవ్వవలెను. నది వచ్చినచోట వంతెన వేయవలెను. స్వాతంత్ర్యానంతరము, విదేశ ప్రభువుల ఆజ్ఞతో గాక స్వజనుల సంకల్పముతో, నెత్తురుటేరుల నడుమ ముగించిన పని యది. అందువలన ఆ జాతి దానిని గర్వకారణముగా భావించెను. అన్నిటికన్న కఠినమైన భాగము సుంగ్‌బు అను స్టేషను ప్రాంతము. అచట నిలిపిన ప్రారంభస్మారక శిలపై నాటి అధ్యక్షుడు సింగ్‌మన్ రీ స్వదస్తూరి చెక్కబడియున్నది. 1963లో ఈ మార్గమును తీరప్రాంతపు మార్గములతో కలిపి యొంగ్‌దొంగ్ మార్గమని నామకరణము చేసిరి. నేటికిని అదియే పేరు.

ఆ బొగ్గు ఏమి చేసెనో కూడ చెప్పవలెను. కొరియావారి ఇండ్లలో నేలక్రింద వేడిని ప్రసరింపజేయు ఏర్పాటు కలదు. దానిని ఒందోల్ అందురు. పూర్వము దానికి కట్టెలే ఇంధనము. బొగ్గుపొడిని ముద్దచేసి, నిలువునా రంధ్రములు పొడిచి, స్తంభాకారపు దిమ్మెలుగా తయారుచేసిన యొంతాన్ అను వంటచెఱకు వాడుకలోనికి వచ్చిన పిదప పేదల గదులుకూడ మంచుకాలమున వెచ్చబడినవి. కొండలపై చెట్లకు గొడ్డలిపెట్టు తగ్గినది. సియోల్ నగరములో ఒక కుటుంబము రాత్రివేళ వెచ్చగా నిద్రించినదనగా, ఆ వెచ్చదనములో కొంత నాక్‌దొంగ్ లోయగుండ పట్టాలపై వచ్చినదే.

కాని ఆ బండ్లు వొన్‌గొక్ ఊరి ముంగిట నాగలేదు.

ఇందులకు ఎవరిని నిందింపగలము? బొగ్గు కొఱకు వేసిన మార్గమునకు గనియే మొదలు, నగరమే తుద. నడుమ నున్న పల్లెలు కాగితముపై చిన్న చుక్కలైనను కావు. ఎత్తుపల్లములు గల మార్గములో బరువు బండిని ఆపుటయు, మరల కదల్చుటయు శ్రమతో కూడిన పని. ఎక్కువారు పదిమంది, దిగువారు పదిమంది యున్నచోట స్టేషను పెట్టుట లెక్కలకు పొసగదు. లెక్క వేసినవారి దృష్టిలో అది సబబే. కాని లెక్కకు అందనిది మరియొకటి కలదు. ఆ లోయలో చక్కని బాట యేదియు లేదు. పట్టాలే బాట. పొగబండి తమ కళ్లముందే పోవుచుండగా, ఆ ఊరివారు దాని వెనుక నడచి పోవలసి వచ్చెను.

కొరియా పల్లెలలో ఐదు దినముల కొకమారు సంత జరుగుట ఆనవాయితీ. ఈ లోయవారికి చున్‌యాంగ్ అను ఊరి సంత ముఖ్యమైనది. కొండవాలున పండించిన మిరపకాయలో, అడవిలో నేరుకొన్న ఆకుకూరలో అమ్ముకొని, ఉప్పు, చేపలు, బట్టలు కొనుక్కొని, తిరుగుబండి యెక్కుదురు. బండి తమ ఊరి ముందునుండియే పోవును; కాని ఆగదు. దిగుటకు సుంగ్‌బు వరకు పోవలెను. అచట దిగి, పట్టాల వెంబడి వెనుకకు నడచి రావలెను. ఆ దారిలో చీకటి సొరంగములు, నదిపై కమ్మీల వంతెనలు కలవు. మూటలు నెత్తిన బెట్టుకొని అంతదూరము నడచుట దుర్భరము. కావున వారొక ఉపాయము పన్నిరి. బండి తమ ఊరి ముందు పోవుచుండగనే మూటలను కిటికీలోనుండి క్రిందికి విసరివేసెడివారు. తరువాత స్టేషనులో దిగి, నడచివచ్చి, తమ మూటలను తాము ఏరుకొనెడివారు. సరకు ఇల్లు చేరిన ఎంతోసేపటికిగాని సరకుగలవాడు ఇల్లు చేరెడివాడు కాడు.

వినుటకు ఇది వినోదముగా నుండవచ్చును. కాని దాని వెనుక విషాదమున్నది. సొరంగములో నడచువానికి ఎదురుగా బండి వచ్చిన ప్రక్కకు తప్పుకొను చోటు చాలదు. వంతెన నడుమ నున్నవానికి ముందు బండి, క్రింద నది. అట్లు నడచుచు బండి క్రింద పడియు, వంతెనపైనుండి జారియు ప్రాణములు కోల్పోయినవారు కలరు; అవయవములు కోల్పోయినవారు కలరు. తమ ఇంటికి తాము పోవుటయే ప్రాణాపాయమైన ఊరది. సంతకు పోయిన తల్లి, బడికి పోయిన బిడ్డ ఇల్లు చేరువరకు ఇంటిలోనివారి చెవులు పట్టాలవైపే యుండెడివనుటలో అతిశయోక్తి యేమున్నది?

మాకొక స్టేషను కావలెనని ఆ జనులు ఏండ్ల తరబడి అర్జీలు పెట్టుకొనిరి. భవనమక్కరలేదు, ఉద్యోగులక్కరలేదు, బండి ఒక్క నిముసమాగిన చాలునని వారి విన్నపము. 1955 ఆఖరున పూర్తియైన మార్గముమీద వారి ఊరి ముందు బండి ఆగుటకు 1988 ఏప్రిలు 1వ తేదీ రావలసి వచ్చెను. లెక్కకు ముప్పదిరెండు సంవత్సరములకు పైమాట. తొలిబండిని తల్లి చంకనుండి చూచిన పసిబిడ్డ నడివయసునకు వచ్చునంత కాలము!

అనుమతి వచ్చినది, కాని స్టేషను వెంట రాలేదు. బండి ఆగుటకు ఒప్పుకొన్నంతమాత్రమున నిలుచుటకు తావేర్పడదు. అప్పుడు రెండు ఒడ్డులవారు కూడిరి. నేల చదును చేసిరి. ప్లాటుఫారము కట్టిరి. ఎండవానలకు తలదాచుకొనుటకు ఒక చిన్న గది లేపిరి. పేరు పలక వ్రాసి నిలిపిరి. తరతరాలుగా గోడ పెట్టుకొనుట, రాయి పేర్చుకొనుట ఎరిగిన రైతులకు ఆ విద్య వేరొకరు నేర్పవలసిన పనిలేదు. కొరత యుండినది అనుమతికి మాత్రమే.

పేరు పెట్టుటలో వారు చూపిన ఔచిత్యము మెచ్చదగినది. స్టేషను బొంగ్‌హ్వా ఒడ్డున నున్నది. తమ ఊరి పేరే పెట్టుకొన్నచో కాదనువారు లేరు. కాని నది కావలి వొన్‌గొక్‌వారును అదే బండికై అన్ని యేండ్లు ఎదురుచూచినవారే. కొరియా భాషలో చైనా లిపి మూలమునుండి వచ్చిన యాంగ్ అను మాటకు రెండు లేక ఇరు అని యర్థము. దానికి వొన్‌గొక్ లోని మొదటి మాట చేర్చి యాంగ్‌వొన్ అనిరి. ఇరు వొన్‌గొక్‌ల స్టేషను అని తాత్పర్యము. ఒకప్పుడు రెండు రాష్ట్రములుగా, తరువాత రెండు జిల్లాలుగా ప్రభుత్వము విడదీసిన దానిని ఒక పలకమీది రెండక్షరములు కలిపినవి.

అది 1988వ సంవత్సరమని మరల జ్ఞాపకము చేసికొందము. ఆ యేడే సెప్టెంబరు నెలలో సియోల్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినవి. ప్రపంచమంతయు ఆ నగరపు క్రీడాగారములను, వెడల్పైన వీథులను, నూతన సౌధములను చూచి యాశ్చర్యపడెను. అంతకు ఐదు నెలల ముందు ఆ దేశమునందే ఒక కొండ ఊరివారు మొదటిసారిగా తమ ఊరిలో బండి దిగిరి. ఆనాడు అన్ని చిన్న స్టేషనులలోను ఆగుచు పోవు మూడవ తరగతివంటి చౌక బండ్లను బిదుల్గీ యని పిలిచెడివారు. పావురమని దాని యర్థము. అవి 2000వ సంవత్సరములో పూర్తిగా కనుమరుగైనవి. దేశ చరిత్రలో ఒలింపిక్ క్రీడలకు పెద్ద అధ్యాయముండుట న్యాయమే. కాని అభివృద్ధి యను మాటకు అర్థము వెదకువారు ఆ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన నిలిపి చూడవలెను.

తరువాతి కథ మరింత ఆలోచింపదగినది. స్టేషను వచ్చిన మరుసటి యేడే, 1989లో, ప్రభుత్వము లాభసాటికాని బొగ్గుగనులను మూసివేయు విధానమును చేపట్టెను. నగరములలో పొయ్యిలకు చమురు, వాయువు వచ్చినవి, యొంతాన్ వెనుకబడినది. గనులు ఒక్కొక్కటిగా మూతబడినవి. గనులను నమ్ముకొన్న కుటుంబములు ఊళ్లు విడిచిపోయినవి. తేబెక్ పట్టణములోని జాంగ్‌సంగ్ గని చాలకాలము నిలిచి, తుదకు 2024లో అదియు మూతబడెను. ఏ బొగ్గు కొఱకు కొండలు తొలిచి మార్గము వేసిరో ఆ బొగ్గే పోయినది. మార్గపు రూపును కూడ మారినది. ఎగువను, బండి ముందునకు వెనుకకు నడచి కొండ యెక్కు పద్ధతి 1963 నుండి యుండెను. 2012లో సొలాన్ అను దీర్ఘమైన సొరంగము తెరవగానే అది నిలిచిపోయినది. ఆ పాత దారిలోని తొంగ్‌ని, సింపొరి స్టేషనులు మూతబడినవి. ఉద్యోగులు, భవనములు, గడియారములు గల స్టేషనులకే ఆ గతి పట్టగా, రైతులు కట్టుకొన్న ఒంటిగదికి ఆయువెంత?

అయినను అది నిలిచినది. 2013 ఏప్రిలులో బున్‌చన్ నుండి చొరామ్ వరకు 27.7 కిలోమీటర్ల లోయదారిలో ఒక విహారపు బండిని ప్రవేశపెట్టిరి. లోయ యను అర్థమిచ్చు ఆంగ్లపదములోని మొదటి యక్షరముతో దానిని వీ-రైలు అనిరి. గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగముతో, విశాలమైన కిటికీలతో, లోయను చూపుచు మెల్లగా నడచుటయే దాని ప్రత్యేకత. ఒకప్పుడు ఆగక పరుగెత్తిన చోటనే బండి యిప్పుడు కావలెనని మెల్లగా పోవుట కాలవైచిత్రి. ఆ బండి యాంగ్‌వొన్‌లో కొన్ని నిముసములాగెను. నగరవాసులు దిగి ఆ చిన్న గదిని చూచిరి. ఊరి వృద్ధ స్త్రీలు ప్లాటుఫారము ప్రక్కన బల్లలు పెట్టుకొని, అడవి ఆకుకూరలు, బియ్యముతో చేసిన మక్కొల్లి యను పానీయము అమ్మసాగిరి. సంతకు పోవుటకై కట్టుకొన్న స్టేషను వద్దకు సంతయే నడచివచ్చినది.

2021లో ఈ స్టేషను ప్రేరణగా ఒక చలనచిత్రము విడుదలయ్యెను. దానికి దర్శకుడు ఈ జాంగ్-హూన్. చిత్రము పేరు గిజొక్. ఆ మాటకు కొరియా భాషలో అద్భుతము అనియు, రైలుకూత అనియు రెండర్థములు. అంతకన్న తగిన పేరు మరియొకటి దొరకదు. అందులో తన ఊరికి స్టేషను కావలెనని ఒక బాలుడు అధ్యక్షునకు ఉత్తరములు వ్రాయును. కథకు ఒక నాయకుడు కావలెను గనుక ఆ కల్పన సహజమే. కాని యాంగ్‌వొన్ చరిత్రలో అట్టి ఏకైక నాయకుడు లేడు. సుంగ్‌బులోని స్మారక శిలపై ఒక అధ్యక్షుని దస్తూరి కలదు. యాంగ్‌వొన్ గోడలో నున్నవి పేరులేని వ్రేళ్ల గుర్తులు. రెండును ఒకే మార్గములోని ప్రక్కప్రక్క మజిలీలు.

మనము ఈ కథను విని పల్లెవారి పట్టుదలను మెచ్చుకొని ఊరకుండుట సులభము. కాని మెచ్చుకోలు చాలదని మా యభిప్రాయము. ఆ గదిని వారు కట్టుకొనుట ఎంత గొప్పదో, వారే కట్టుకొనవలసి వచ్చుట అంత విచారకరమైనది. ముప్పదిరెండేండ్లలో ఆ పట్టాలపై పోయిన ప్రాణములకు పట్టుదల బదులు కాజాలదు. ఒక మార్గము వేయునపుడు ఆ మార్గము ఎవరి ముంగిట పోవుచున్నదో వారిని మొదటనే అడిగియుండిన, ఈ కథ చెప్పవలసిన యవసరమే యుండెడిది కాదు.

నేడు ఆ లోయలో యువకులు తక్కువ, వృద్ధులు ఎక్కువ. కొరియా పల్లెలన్నిటిలోను ఇదే పరిస్థితి. విహారమునకు వచ్చువారి అభిరుచులు ఋతువులవలె మారుచుండును. రేపు లెక్కలు వేయువారు మరల వచ్చి, ఎక్కువారెందరు, దిగువారెందరు అని యడుగవచ్చును. అప్పుడు వారికి చెప్పవలసిన సమాధానము ఒక్కటే. రైలు మార్గమును టన్నులతో కొలువవచ్చును. స్టేషనును కొలుచునది ఇల్లు చేరిన మనుష్యులతో. బొగ్గుకై వేసిన మార్గములో బొగ్గు పోయినది. ఎవరిని లెక్కలోనికి తీసికొనలేదో వారి స్టేషను నిలిచియున్నది. ఇరు ఒడ్డుల పేరును ఒక్కటిగా మోయుచున్న ఆ పలక ముందు బండి ఆగినంతకాలము, సంతకు పోయిన ముసలవ్వ తన మూటను కిటికీలోనుండి విసరవలసిన పనిలేదు. దానిని చేతబట్టుకొని, తన ఊరిలో, తన స్టేషనులో తానే దిగును.